మళ్లీ స్కార్ఫ్ కట్టుకున్నాను: స్కౌట్ మాస్టర్‌గా నా అనుభవం

పెద్దయ్యాక మళ్లీ స్కౌటింగ్‌లోకి రావొచ్చా, వస్తే ఎవరిని కలవాలి, ట్రైనింగ్ ఎలా ఉంటుంది అని మా షెడ్‌లో ఈమధ్య కొంతమంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ టీ బ్రేక్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది. నాది కాజీపేట. డీజిల్ లోకో షెడ్‌లో టెక్నీషియన్‌ని. నాన్నది కూడా రైల్వేనే, కాబట్టి పుట్టింది, పెరిగింది అంతా క్వార్టర్స్‌లోనే. ఇప్పుడు కాలనీ పిల్లలతో ఆదివారాలు నడిచే ట్రూప్‌కి స్కౌట్ మాస్టర్‌ని. దీనికి జీతం ఉండదు, ఇంక్రిమెంట్ రాదు. అది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే.

మన దగ్గర స్కౌటింగ్ అంటే స్కూల్ వ్యవహారం అనుకుంటారు. స్కౌట్ మాస్టర్ అంటే పీఈటీ సారో, సోషల్ సారో అయ్యుండాలి అనుకుంటారు. టీచర్ కానివాళ్లకి కూడా దారి ఉంది. స్కూల్‌తో సంబంధం లేకుండా నడిచేవాటిని ఓపెన్ గ్రూపులు అంటారు, కాలనీలో, బస్తీలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. రైల్వేవాళ్లకి ఇంకా సులువు. మన దేశంలో స్కౌటింగ్‌ని నడిపే సంస్థ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్, దాని లెక్కలో ఒక్కో రైల్వే జోన్ ఒక రాష్ట్రంతో సమానం, ఒక్కో డివిజన్ ఒక జిల్లాతో సమానం. అంటే మాకు దక్షిణ మధ్య రైల్వే ఒక రాష్ట్రం, సికింద్రాబాద్ డివిజన్ ఒక జిల్లా. స్కౌటింగ్ క్యాంపులకి, కోర్సులకి వెళ్తే స్పెషల్ క్యాజువల్ లీవ్ కూడా ఉంటుంది. ఈ సంగతి మా షెడ్‌లో సగం మందికి తెలియదు.

నేను చిన్నప్పుడు స్కౌటింగ్ మెట్లలో ద్వితీయ సోపాన్ దాకా చేశాను. ముడులు వేయడం, మార్చింగ్, జనవరి 26 పరేడ్, ఎండాకాలంలో ప్లాట్‌ఫాం మీద బకెట్లతో నీళ్లు పోయడం, ఇవే గుర్తున్నాయి. నీళ్లు పోయడం బాగా గుర్తుంది. జనరల్ బోగీ కిటికీల్లోంచి ఒకేసారి పది చేతులు, పది సీసాలు బయటికొచ్చేవి, రైలు కదిలేలోపు ఎన్ని నింపగలమా అని పరిగెత్తేవాళ్లం. టెన్త్ రాగానే అందరి ఇళ్లలో జరిగేదే మా ఇంట్లోనూ జరిగింది, ఆటలూ స్కౌటింగూ బంద్. తర్వాత ఐటీఐ, అప్రెంటిస్, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. స్కార్ఫ్ ఎక్కడుందో కూడా చూసుకోలేదు.

మళ్లీ రావడానికి కారణం మా కాలనీలోనే ఉండే రిటైర్డ్ గార్డు సారు. అప్పటిదాకా ట్రూప్‌ని చూసుకున్నాయనకి ట్రాన్స్‌ఫర్ అయింది. యూనిట్ రిజిస్ట్రేషన్ ఏటా రెన్యూవల్ చేయాలి, లీడర్ పేరు లేకుండా రెన్యూవల్ కాదు. పిల్లలు మాత్రం ఆదివారం పొద్దున్నే యూనిఫాం వేసుకుని గ్రౌండ్‌కి వచ్చి, కాసేపు క్రికెట్ ఆడుకుని వెళ్లిపోతున్నారు. అందులో ఆరో తరగతి చదివే మా అబ్బాయి కూడా ఉన్నాడు. సారు ఒకరోజు మా ఇంటికొచ్చి, "ఏం రా, ఆదివారం ఇంట్లనే ఉంటవ్ గద, ఒక్కసారి గ్రౌండ్‌కి రా" అన్నారు. వెళ్లాను. పిల్లలు వరసలో నిలబడి మూడు వేళ్లతో సెల్యూట్ చేస్తే నా చెయ్యి దానంతటదే లేచింది. ఇన్నేళ్ల తర్వాత కూడా బొటనవేలు చిటికెనవేలి మీదికి సరిగ్గానే వెళ్లింది.

చేరే పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. స్కౌట్స్ డివిజన్ సెక్రటరీని కలిశాను, దరఖాస్తు, ఫొటోలు, మెంబర్‌షిప్, ఆన్‌లైన్‌లో వివరాలు. తర్వాత ఒకరోజు పరిచయ శిక్షణ. పిల్లల భద్రత మీద 'సేఫ్ ఫ్రమ్ హార్మ్' అని ఒక ఆన్‌లైన్ కోర్సు ఉంటుంది, దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా గదిలో ఉండకూడదు, క్యాంపుల్లో పెద్దవాళ్ల పడక వేరు పిల్లల పడక వేరు, పిల్లలకి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. నేనైతే మా ట్రూప్ తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి వాటిని చదివి వినిపించాను. "మీకు ఎప్పుడు అనుమానం వచ్చినా నేరుగా గ్రౌండ్‌కి వచ్చి చూడండి" అని కూడా చెప్పాను. మన పిల్లల్ని వేరేవాళ్ల చేతిలో పెడుతున్నప్పుడు అడగాల్సిన ప్రశ్నలు అడిగే అలవాటు తల్లిదండ్రులకి రావాలి.

ఆ తర్వాత ప్రతిజ్ఞ. పిల్లలు చేసేదే పెద్దవాళ్లూ చేయాలి, పెద్దవాళ్లకి వేరే ప్రతిజ్ఞ లేదు. దేవుని పట్ల, దేశం పట్ల నా కర్తవ్యాన్ని నెరవేర్చడానికి, ఇతరులకు సాయపడటానికి, స్కౌట్ నియమాన్ని పాటించడానికి శాయశక్తులా ప్రయత్నిస్తాను అని. దేవుడు అన్నచోట ధర్మం అని చెప్పుకునే వీలు కూడా ఉంది. మా అబ్బాయి ముందు వరసలో నిలబడి చూస్తుండగా ఆ మాటలు పలికాను. ఇంట్లో వాడికి ఏదైనా చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఇప్పుడు ఆ మాటలు నాక్కూడా గుర్తొస్తాయి.

అసలు విషయం స్కౌట్ మాస్టర్లకి పెట్టే బేసిక్ కోర్సు. ఏడు రోజులు అక్కడే ఉండాలి, ఇంటికి వచ్చిపోవడం కుదరదు. స్కౌట్లు ఎలా ఉంటారో మనమూ అలాగే ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది మందిని ఒక పాట్రోల్‌గా విడగొడతారు, ఒక్కో పాట్రోల్‌కి ఒక జంతువు పేరో పక్షి పేరో ఉంటుంది. మాది గద్ద. మా పాట్రోల్‌లో ఒక ట్రాక్‌మ్యాన్, ఒక టీటీఈ, రైల్వే స్కూల్ టీచర్ ఒకాయన, ఆఫీసు గుమాస్తా ఒకరు, నేను, ఇంకా ఒక సీనియర్ సెక్షన్ ఇంజనీరు గారు. రైల్వేలో పనిచేసేవాళ్లకి చెప్పక్కర్లేదు, ఇంజనీరు గారి ముందు ట్రాక్‌మ్యాన్ కుర్చీలో కూర్చోవడమే ఉండదు. అక్కడ పాట్రోల్ లీడర్ పదవి రోజుకొకరికి మారుతుంది. రెండో రోజు ట్రాక్‌మ్యాన్ అన్న లీడర్, ఇంజనీరు గారు సామాను చూసుకునే క్వార్టర్ మాస్టర్. పొద్దున ఇన్‌స్పెక్షన్‌కి ముందు టెంటు చుట్టూ ఊడవడం, చెప్పుల స్టాండు సరిచేయడం, గిన్నెలు కడగడం అన్నీ ట్రాక్‌మ్యాన్ అన్న పంచిపెట్టాడు. మొదట ఆయన గొంతు పెగల్లేదు. ఇంజనీరు గారే "చెప్పు లీడర్, నాకేం పని?" అన్నారు. గిన్నెలు ఆయన వంతుకి వచ్చాయి, బూడిదతో రుద్ది కడిగారు. ఆ రోజు ఇన్‌స్పెక్షన్‌లో జెండా మా పాట్రోల్‌కే వచ్చింది.

పొద్దున చీకటితోనే విజిల్, స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ పేరుతో ఉన్న బీపీ వ్యాయామాలు ఆరు, జెండా, ప్రార్థన, ఇన్‌స్పెక్షన్, తర్వాత క్లాసులు. ముడులు నాకు పాతవే, క్లోవ్ హిచ్, బోలైన్, షీట్ బెండ్ చేతికి వెంటనే వచ్చాయి. ల్యాషింగ్, అంటే కర్రల్ని తాడుతో బిగించి కట్టడం మాత్రం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. కర్రలతో గిన్నెల స్టాండు, బూట్ల స్టాండు, గేటు కట్టాలి, వీటిని గ్యాడ్జెట్లు అంటారు, ఒక్క మేకు కూడా వాడకూడదు, అంతా తాడుతోనే. సాయంత్రాలు చరిత్ర చెప్పేవారు. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ ఇరవై మంది అబ్బాయిలతో పెట్టిన మొదటి క్యాంపులోనే నాలుగు పాట్రోల్‌లు ఉన్నాయట. రకరకాల కుటుంబాల పిల్లల్ని కావాలనే కలిపారట, ధనవంతుల స్కూళ్లవాళ్లు, కూలిపని చేసేవాళ్ల పిల్లలు ఒకే టెంటులో. ఇక మన దేశానికి 1909లో బెంగళూరు ద్వారా వచ్చిన స్కౌటింగ్‌లో మొదట భారతీయ పిల్లలకి చోటు లేదు. షాజహాన్‌పూర్‌లో శ్రీరామ్ బాజ్‌పాయ్, మద్రాసులో అనిబిసెంట్, అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ మన పిల్లల కోసం విడిగా దళాలు పెట్టారు. అవన్నీ కలిసి 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది, మరుసటి ఏడాది ఆడపిల్లల సంఘమైన గైడ్స్ కూడా చేరారు. చిన్నప్పుడు ఇదంతా ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ బాడ్జీని ఇంకోలా చూసుకునేవాళ్లం.

ఆ వారంలో ట్రైనర్ సార్లు పదే పదే చెప్పింది ఒక్కటే. ట్రూప్‌ని నడిపేది స్కౌట్ మాస్టర్ అనుకోవద్దు, పాట్రోల్ లీడర్లు నడపాలి, మీరు పాట్రోల్ లీడర్లని తయారుచేయాలి. వినడానికి చిన్న మాట. మన ఇళ్లలో, స్కూళ్లలో, ఆఫీసుల్లో పెద్దవాడు చెప్పాలి, చిన్నవాడు చేయాలి. పదమూడేళ్ల పిల్లవాడికి ఏడుగురిని అప్పజెప్పి, వాడు చెప్పిన నిర్ణయానికి మనం ఒప్పుకోవడం మనకి అలవాటు లేని పని. నా దృష్టిలో స్కౌటింగ్ మొత్తం ఇందులోనే ఉంది, మిగతావి ముడులూ బాడ్జీలూ.

తిరిగొచ్చాక కోర్ట్ ఆఫ్ ఆనర్ మొదలుపెట్టాం. నెలకోసారి నలుగురు పాట్రోల్ లీడర్లు కూర్చుని వచ్చే నెల ఏం చేయాలో, చందా డబ్బులు ఎలా ఖర్చుపెట్టాలో, ఎవరైనా తప్పు చేస్తే ఏం చేయాలో తేల్చుకుంటారు. నేను పక్కన కూర్చుంటాను, ప్రమాదం ఉన్న విషయమైతే తప్ప నోరు తెరవను. మొదటి నిర్ణయం ఏంటంటే ఆదివారం మీటింగ్ ఆరున్నరకి వద్దు, ఏడున్నరకి పెట్టాలని. రెండోది తాళ్లు కొనాలని. లెక్కంతా ఒక నోట్‌బుక్కులో రాస్తాడు పులి పాట్రోల్ లీడర్, తొమ్మిదో తరగతి, వాళ్ల నాన్న స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. వరంగల్ బజారులో తాడు ధర మూడు షాపుల్లో అడిగి, బేరమాడి, బిల్లు తెచ్చి అతికించాడు.

మడికొండ మెట్టుగుట్టకి హైక్ తీసుకెళ్లినప్పుడు ఇంకా బాగా అర్థమైంది. ముందు వెళ్లిన పాట్రోల్ రాళ్లతో, పుల్లలతో దారి గుర్తులు పెట్టుకుంటూ పోవాలి, వెనక పాట్రోల్‌లు వాటిని పట్టుకుని రావాలి. ఒకచోట బాట రెండుగా చీలింది, అక్కడ గుర్తును మేకలు తొక్కేసినట్టున్నాయి. నాకు దారి తెలుసు. పిల్లలు నా మొహం చూశారు, నేను నీళ్ల సీసా మూత తీసుకుని తాగుతూ నిలబడ్డాను. కాసేపు వాళ్లలో వాళ్లు గట్టిగానే వాదించుకున్నారు. తర్వాత ఒకడు కంపాస్ తీశాడు, ఇద్దరు కొంచెం ముందుకెళ్లి రెండు వైపులా గుర్తుల కోసం వెతికారు, చివరికి ఎడమ బాటలో బాణం గుర్తు దొరికింది. గుట్ట దగ్గర చివరి గుర్తు వృత్తం మధ్యలో చుక్క, అంటే ఇంటికి వెళ్లిపోయాను అని. కెన్యాలోని న్యేరిలో బేడెన్ పావెల్ సమాధి రాయి మీద ఉన్నది కూడా ఈ గుర్తేనని చెబితే, చిన్నవాడొకడు చాలాసేపు ఆ రాళ్ల దగ్గరే కూర్చున్నాడు.

తల్లిదండ్రుల గురించి కూడా చెప్పాలి. ఎక్కువమంది అడిగేది "సార్, ఇందుల సర్టిఫికెట్ వస్తే రైల్వేల నౌకరి వస్తదా?" అని. రైల్వేలో స్కౌట్స్ కోటా ఉన్నమాట నిజమే, రాష్ట్రపతి అవార్డు ఉన్నవాళ్లకి అది పనికొస్తుంది. కానీ జోన్ మొత్తానికి వచ్చే పోస్టులు చాలా తక్కువ, దాని మీద ఆశ పెట్టుకుని పిల్లల్ని పంపొద్దని ముఖం మీదే చెబుతాను. అయినా ఆ ప్రశ్న అడిగినవాళ్లని తప్పుపట్టను. ఉద్యోగం కోసం ఇల్లు మొత్తం ఎదురుచూసే కాలనీ మాది, ఆ భయం నాకు తెలుసు. ప్రవేశ్, ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్, ఆ తర్వాత రాష్ట్రపతి, ఇన్ని మెట్లు ఎక్కాలంటే ఏళ్లు పడుతుంది, ఈలోపు పిల్లవాడికి వంట వస్తుంది, కట్టు కట్టడం వస్తుంది, నలుగురి ముందు మాట్లాడటం వస్తుంది అని చెబితే చాలామంది తల ఊపుతారు. ఒక ప్రైవేటు స్కూల్‌లో మాత్రం తృతీయ సోపాన్ టెస్టింగ్ క్యాంపుకి ఇద్దరు పిల్లలకి సెలవు ఇవ్వలేదు, టెన్త్ స్పెషల్ క్లాసులున్నాయని. వాళ్లిద్దరూ ఆ ఏడాది ఆగిపోయారు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2024లో మేడారం జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. 22న సమ్మక్క గద్దెకి వచ్చే రోజు. అదే రోజు బేడెన్ పావెల్ పుట్టినరోజు కూడా, స్కౌట్లందరూ థింకింగ్ డే చేసుకుంటారు. ప్రతిసారీ జెండా, ఉపన్యాసం, మిఠాయి ఉండేవి. ఆసారి కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో పిల్లలే అన్నారు, స్టేషన్‌లో నీళ్లు పోద్దామని. స్టేషన్ అధికారుల అనుమతి, ఆర్పీఎఫ్ వాళ్లతో మాటలు నేను చూసుకున్నాను, డ్యూటీ చార్టు అంతా పాట్రోల్ లీడర్లు రాసుకున్నారు. స్పెషల్ రైళ్లు ఒకదాని వెనక ఒకటి, నెత్తిన బెల్లం మూటలు, చంకలో పిల్లలు, చేతిలో కోళ్లు. అంత జనంలో ఒక చిన్నపాప ఏడుస్తూ మా నీళ్ల డ్రమ్ము దగ్గరికొచ్చింది. పులి పాట్రోల్ లీడర్ నన్ను పిలవలేదు. ఒకడిని పాపతో అక్కడే కూర్చోబెట్టాడు, పాపని ఎక్కడికీ తీసుకెళ్లొద్దు, అమ్మ వెతుక్కుంటూ ఇక్కడికే వస్తుంది అన్నాడు, ఇంకొకడిని ఆర్పీఎఫ్ దగ్గరికి పంపాడు, తను అనౌన్స్‌మెంట్ కోసం ఎంక్వైరీకి వెళ్లాడు. నాకు తెలిసేసరికి తల్లి వచ్చేసింది. ఆమె కొంగు ముడిలోంచి చిన్న బెల్లం ముక్క తీసి వాడి నోట్లో పెట్టి, "సల్లగుండు బిడ్డా" అంది. కుంభమేళాలో యాత్రికులకి సేవ చేసిన మాలవీయ గారి సేవా సమితి గురించి ఆ రోజు సాయంత్రం పిల్లలకి చెప్పాను. అప్పుడు వాళ్లు విన్నంత శ్రద్ధగా ఇంకెప్పుడూ వినలేదు.

ఆ జాతర అయ్యాక మా ట్రూప్ పిల్లల అక్కాచెల్లెళ్లు కూడా వస్తామన్నారు. ఆడపిల్లలకి గైడ్ కంపెనీ వేరుగా ఉండాలి, దానికి మహిళా లీడర్, గైడ్ కెప్టెన్ అంటారు, తప్పనిసరి. కాలనీలో ముగ్గురు నలుగురిని అడిగితే, హాస్పిటల్‌లో నర్సుగా పనిచేసే ఒకావిడ ముందుకొచ్చారు. ఆమె నైట్ డ్యూటీ దిగి నేరుగా గ్రౌండ్‌కి వచ్చిన ఆదివారాలు కూడా ఉన్నాయి. ఫస్ట్ ఎయిడ్ ఇప్పుడు రెండు యూనిట్లకీ ఆవిడే నేర్పుతారు, త్రికోణ బ్యాండేజీతో చెయ్యి కట్టడం మా పిల్లలు నాకంటే బాగా చేస్తారు.

అడ్వాన్స్‌డ్ కోర్సు కూడా అయింది. అది ఇంకో ఏడు రోజులు, బేసిక్ కంటే ఒంటికి కష్టం. గిన్నెలు లేకుండా వంట చేయాలి. వెదురు బొంగులో అన్నం, నిప్పుల్లో ఆలుగడ్డ, మట్టి పూసి కాల్చిన గుడ్డు. రాత్రి హైక్ ఉంటుంది, టెంటు మనమే వేసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే డాక్టర్‌కి చూపించుకుని వెళ్లండి. దాని తర్వాత యూనిట్‌లో చేసిన పని చూపించాలి, రాతపని కూడా ఉంటుంది, అది తృప్తిగా ఉంటే హిమాలయ వుడ్ బ్యాడ్జ్. తోలుతాడుకి రెండు చెక్కపూసలు. 1919లో లండన్ దగ్గర గిల్‌వెల్ పార్కులో మొదటి లీడర్ల కోర్సు చేసినవాళ్లకి, బేడెన్ పావెల్ దక్షిణాఫ్రికా నుంచి తెచ్చుకున్న జులూ రాజు దినుజులు హారంలోని పూసలు ఇచ్చారట, అప్పటినుంచి ఈ ఆనవాయితీ. నా రాతపని ఇంకా నడుస్తోంది. షిఫ్టు డ్యూటీలు, ఇంట్లో పనులు, మధ్యలో కూర్చుని రాస్తున్నాను.

బేసిక్ కోర్సుకి వెళ్లేవాళ్లు రెండు జతల యూనిఫాం, స్టీల్ గ్రే చొక్కా, నేవీ బ్లూ ప్యాంటు, ముందే కుట్టించుకోండి, అక్కడికెళ్లాక దొరకదు. దోమతెర, టార్చి, ఒక నోట్‌బుక్కు, మూడు మీటర్ల తాడు. లీవ్ కాగితం కోర్సు లెటర్‌తో కలిపి ముందే పెట్టండి, ఇంట్లో కూడా ముందే చెప్పండి. మా ట్రూప్‌కి ఇప్పుడు అసిస్టెంట్ స్కౌట్ మాస్టర్ కావాలి. చిన్నప్పుడు స్కౌట్ అయ్యుండాలన్న నియమం లేదు, షిఫ్టు డ్యూటీ ఉన్నా పర్వాలేదు, నెలలో రెండు ఆదివారాలు ఇవ్వగలిగితే చాలు. ఏడున్నరకి గ్రౌండ్‌లో ఉంటాం.